మందకు తెలిసిన రాణి

మేయరు ఫిర్మేన్ టోపీ చేత్తో పట్టుకుని మా తమ్ముడు బాసిల్ ఇంటి గుమ్మంలో నిలబడ్డ చోట కిందటి వారం ఆపాను. అతను లోపలికి వచ్చేలోగా, ఈ కథను మధ్యలో అందుకున్నవారి కోసం జరిగినదాన్ని వరసగా చెప్పుకుంటాను. వరస తప్పితే ఈ కథలో తప్పు ఎవరిదో కూడా తప్పిపోతుంది.

సెప్టెంబరు చివర సెయింట్ మిషెల్ పండుగనాడు మంద కొండ దిగింది. మా లోయలో వేసవంతా ఊరి ఆవులన్నీ ఎగువ బీట్లోనే మేస్తాయి. దిగేటప్పుడు ముందు నడిచేది రాణి. రాణిని ఎవరూ ఎంచరు. వేసవిలో కొమ్ముకు కొమ్ము ఆనించి మిగతా ఆవులన్నిటినీ వెనక్కి నెట్టినదే రాణి. దాని మెడలో పెద్ద గంట కడతారు, కొమ్ముల మధ్య ఎర్రపూల కిరీటం పెడతారు. ఈ ఏడు ఆ గంటతో ముందు నడిచింది బాసిల్ నల్లావు మూరీన్. చిన్న చర్చి మలుపులో, ఫొటోలు తీసుకునే జనం మధ్య, మా ఊరి ఒదీల్ అనే ఆవిడ ఎర్రావు తెంపేత్ వెనకనుంచి మందను చీల్చుకుంటూ వచ్చి దాన్ని ఢీకొంది. రాతిగోడ మీదుగా మూరీన్ కింది తోటలో పడింది. ముందుకాలు విరిగింది. కడుపులో దూడ ఉంది. పశువైద్యుడు వచ్చి, చూసి, ఎవరి మొహమూ చూడకుండా తన పెట్టె తెరిచాడు. ఫ్రాన్సు వైపునుంచి చూడవచ్చిన ఒకావిడ ఆ తోపులాటలో పడి భుజం విరగ్గొట్టుకుంది.

ఆవు పోయింది. దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇప్పుడు పోబోతున్నది బీడు. ఎగువ బీడు ఊరిది. దాని కౌలు మా తాత కాలంనుంచి మా ఇంట్లో ఉంది. నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగతో బాసిల్ గడువు తీరుతుంది. ఆ తరవాత అది అతని కొడుకు రెమీ పేరుకు మారాలి. దాని మీద ఊరి సభ గురువారం కూర్చుంటుంది. ఈ ఏడు కాపరి రెమీయే; మందను దింపడంలో అతనిది నిర్లక్ష్యమని సభ తేలిస్తే కౌలు రాదు. మైదానం వైపు కంపెనీ ఒకటి రెండేళ్ళుగా కాచుకుని ఉంది. చీజు కాచే రాతి కొట్టాన్ని టూరిస్టుల విడిదిగా మార్చి, కిటికీలకు జెరేనియం కుండీలు వేలాడదీయాలని వాళ్ళ కోరిక. వేసవిలో మా కొండ మీద ఆవు పాలు పితికేవాడుంటాడా, ఆవు బొమ్మలున్న దుప్పట్లు పరిచేవాడుంటాడా అన్నది గురువారం తేలుతుంది.

"కూర్చో ఫిర్మేన్," అన్నాను. ఆ మాట బాసిల్ అనవలసింది. అనలేదు.

"కూర్చోడానికి రాలేదు టీచరమ్మా."

"నిలబడి చెప్పే మాట నువ్వు బళ్ళోనే ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. కూర్చో."

కూర్చున్నాడు. వంటింట్లో పొయ్యి పక్కన బల్లకు ఒక చివర బాసిల్, మరో చివర రెమీ. మధ్య మధ్యాహ్నపు మొక్కజొన్న సంకటి గట్టిపడి, చల్లారి, ఎవరూ తాకకుండా ఉంది. రెమీ రొట్టె కోస్తున్నాడు. మా ఇళ్ళలో రై రొట్టె చలికాలానికని కాల్చి ఎండబెడతారు. దాన్ని కోయాలంటే బల్లకు బిగించిన కత్తి మీద ఒళ్ళంతా మోపాలి. ఎవరూ తినని రొట్టెను అతను కోస్తూనే ఉన్నాడు.

"బాబాయ్," అన్నాడు ఫిర్మేన్, "మూరీన్ కోసం ఊరంతా ఏడుస్తోంది."

"ఊరెందుకు ఏడవటం? బోర్డు మార్పించాల్సి వస్తుందనా?"

ఆ బోర్డు సంగతి చెప్పాలి. బస్సు ఆగే చోట మనిషెత్తు బోర్డు ఉంది. దాని మీద మూరీన్ మెడ చుట్టూ చెయ్యి వేసిన బాసిల్, వెనక మంచుకొండ. మూడేళ్ళ కిందట గ్రెనోబుల్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తీశాడు. ఆ బొమ్మ తరవాతే మా ఊరు 'చూడవలసిన ఊళ్ళ' వరసలోకి ఎక్కింది. అప్పటినుంచి పండుగనాడు లియోన్ నుంచి, టురీన్ నుంచి బస్సులు వస్తాయి. దిగినవాళ్ళు మొదట అడిగేది, ముసలాయన ఎక్కడ, రాణి ఎక్కడ అని. వాళ్ళ బస్సులు లోయలో పడిపోను అని బాసిల్ నోరారా తిడతాడు. ఆదివారం మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని ఆ బోర్డు పక్కన బెంచీ మీదే కూర్చుంటాడు. ఎండ అక్కడే బాగా తగులుతుందట.

"అది కాదు బాబాయ్. ఆ భుజం విరిగినావిడ మొగుడు వకీలుతో మాట్లాడుతున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో మనమే తేల్చుకోకపోతే ఊరి మీద పడుతుంది. సభలో ఒక మాట రాసుకోవాలి." ఫిర్మేన్ టోపీని మోకాలి మీద తిప్పాడు. "మంద తోక దగ్గరున్న ఆవు ముందుదాకా ఎలా వచ్చింది? తోక దగ్గరున్నది ఎవరు?"

"నేనే," అన్నాడు రెమీ, రొట్టె మీదనుంచి తల ఎత్తకుండా.

"ఎవరితోనో మాట్లాడుతున్నావని చెప్పారు. టూరిస్టు పిల్లలతో."

"దూడని ముట్టుకోవచ్చా అని అడిగారు. ముట్టుకోకూడదని చెప్పాను."

"అదిగో," అన్నాడు బాసిల్, బల్ల మీద అరచెయ్యి చరిచి. "మాట్లాడుతున్నాడు! వెనకుండాల్సిన ఆవుని వెనక పెట్టలేనివాడు కాపరేంటి? మా నాన్నయితే వీడికి మేకపిల్లని కూడా అప్పగించేవాడు కాదు."

రెమీ కోసిన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

నేను ఈ ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పాను. అంతకు ముందు టురీన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివాను. ఏ సంఘటననైనా దాని ముందున్నదాని వేలు పట్టుకుని చూడమని అక్కడ మా ఆచార్యుడు చెప్పేవాడు. బాసిల్ మాట విన్నప్పుడు నా మనసు ఆగింది కాపరి దగ్గర కాదు, ఆవు దగ్గర. తెంపేత్ అసలు వెనక ఎందుకుంది?

"బాసిల్, నాకో సంగతి చెప్పు," అన్నాను. "ఏ మందలోనైనా తోక దగ్గర నడిచేవి ఏవి?"

"ఇదేం ప్రశ్న అక్కా? కుంటివి, ముసలివి, దూడలు."

"తెంపేత్ కుంటిదా?"

బాసిల్ పొయ్యి వైపు తిరిగాడు.

"నాలుగేళ్ళ ఆవు. గుండె మీద పీపాయిలాగా కండ. అలాంటిది తనంతట తాను వెనక నడవదు. దాన్ని ఎవరో వెనక్కి లాక్కెళ్ళి పెట్టాలి. రెమీ, నువ్వేనా?"

"అవునత్తా."

"ఎందుకు?"

"అత్తా, వదిలెయ్."

"నేను ఎందుకని అడుగుతున్నాను."

"వదిలెయ్యమన్నాను కదా!" కత్తి మీదనుంచి అతని చెయ్యి జారింది. రొట్టె ముక్క ఎగిరి ఫిర్మేన్ టోపీలో పడింది. మరో రోజైతే నవ్వేవాళ్ళం.

నేను లేచి, తలుపు వెనక మేకుకు తగిలించిన గంటను దింపి బల్ల మీద పెట్టాను. మూరీన్ మెడలోంచి దాన్ని విప్పింది నేనే. ఆ రోజు తోటలో మగవాళ్ళెవరికీ ఆ పని చేయడానికి చేతులు రాలేదు. ఇంటికి తెచ్చి బురద కడిగి, తోలు పట్టీకి కొవ్వు పూశాను. పూస్తున్నప్పుడు వేలికి తగిలింది: పట్టీకి కొత్త చిల్లు. తోలు కుట్టే ఆరెతో పొడిచినది, అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి. మిగతా చిల్లులన్నిటికంటే అది పట్టీ కొసకు దగ్గరగా ఉంది.

"ఇది చూడు ఫిర్మేన్. పట్టీ ఎప్పుడు వదులు చేస్తారు?"

"మెడ లావైనప్పుడు," అన్నాడు అతను. ఆవుల ఇంట్లో పుట్టినవాడే. అంతలోనే, అనకుండా ఉంటే బాగుండునన్నట్టు బాసిల్‌ని చూశాడు.

"మూరీన్ మెడ లావైందా? రెండేళ్ళుగా చిక్కిపోతోంది. ఆ రోజు నేను విప్పింది లోపలి చిల్లులోంచి. అంటే ఈ ఏడు ఈ గంటను ఒక లావు మెడకు సరిచేశారు. తరవాత ఎవరో దాన్ని ఒక సన్న మెడకు బిగించారు." నేను రెమీ వైపు తిరిగాను. "వేసవిలో రాణి ఎవర్రా?"

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొండ మీద రాణి ఎవరైందో కాపరి కిందికి మోసుకురాడు. సొంత ఇంట్లో చెప్పడు, ఆ ఆవు యజమానికీ చెప్పడు. దిగే రోజున మలుపు తిరిగి ఏ ఆవు ముందు కనిపిస్తే అప్పుడే ఊరికి తెలియాలి. ఆ క్షణం కోసమే ముసలివాళ్ళు కూడా కుర్చీలు వేయించుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. వేసవంతా కొండ మీదున్నవాడు రెమీ ఒక్కడే. కాబట్టి అతను నోరు విప్పకపోతే ఆ సంగతి ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

"మూరీనే," అన్నాడు బాసిల్. "ఐదేళ్ళుగా మూరీనే."

"నిన్ను అడగలేదు. మోకాళ్ళ నొప్పులతో నువ్వు ఈ ఏడు కొండెక్కలేదు. రెమీ?"



"తెంపేత్," అన్నాడు రెమీ. "ఆగస్టులో. నీళ్ళ దగ్గర. మూరీన్ ఒక్కసారి నెట్టి చూసింది. తరవాత తనే తల తిప్పుకుని పక్కకి తప్పుకుంది. దానికి దెబ్బ కూడా తగల్లేదు. ఆ మర్నాటినుంచి తెంపేత్ తాగాకే తను తాగేది. ఏ గొడవా లేదత్తా. వాటికి ఏ గొడవా లేదు."

"అయితే గంట నువ్వు తెంపేత్‌కే కట్టావు."

"దిగే రోజు పొద్దున కింది బీట్లో కట్టాను. పూలూ పెట్టాను. కంచె విప్పడానికి అవతలికెళ్ళాను. తిరిగొచ్చేసరికి..." ఆగిపోయాడు.

"చెప్పు," అన్నాడు బాసిల్. అతని గొంతు చాలా మామూలుగా ఉంది. "చెప్పు, మొదలెట్టావుగా."

బాసిలే లేచాడు. మోకాళ్ళు సహకరించక బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేనే మార్చాను! సరేనా? నేనే! కింది బీడుదాకా కార్లో దింపించుకున్నాను, నా ఆవుని చూసుకుందామని. కంచె దగ్గర నిలబడుంది. బోసి మెడతో. పాలిచ్చే ఏదో ఒక ఆవులాగా. నన్ను చూసి నడిచొచ్చి నా చంకలో తల పెట్టింది. అవతల ఆ ఎర్రది పూలు పెట్టుకుని గడ్డి మేస్తోంది. రోడ్డు మీద అప్పటికే కెమెరాలు. మూరీన్ మూరీన్ అని పిల్లలు అరుస్తున్నారు. ఎవరి కోసం వచ్చార్రా వాళ్ళంతా? ఒదీల్ ఆవు కోసమా?"

"నువ్వు రోజూ తిట్టే వాళ్ళేగా బాసిల్," అన్నాను.

అన్నాక, అది అక్కడ అవసరం లేని మాట అని తెలిసింది. కానీ అబద్ధం కాదు.

"నేను తిరిగొచ్చేసరికి మూరీన్ మెడలో గంట ఉంది," అన్నాడు రెమీ, ఫిర్మేన్‌తో. తండ్రి వైపు చూడలేదు. "అంత జనం ముందు మా నాన్న కట్టిన గంట విప్పనా? తెంపేత్‌ని తోక దగ్గరికి లాక్కుపోయాను. అంతకంటే ఏం తోచలేదు. దానికి గంట వినబడుతూనే ఉంది. తన ముందు నడిచే హక్కు లేనిది ముందు నడుస్తోంది. మలుపుదాకా ఓపిక పట్టింది. అదే గొప్ప."

ఇప్పుడు వరస పూర్తయింది. బొమ్మ వల్ల బోర్డు, బోర్డు వల్ల జనం. ఆ జనం ముందు తన ఆవు బోసి మెడతో నడవడం బాసిల్ భరించలేకపోయాడు. దానివల్ల గంట మారింది. మంద ఒప్పుకున్న ఓటమిని మనిషి ఒప్పుకోకపోవడం వల్ల, దెబ్బ కూడా తగలకుండా ఓడిపోయిన ముసలి ఆవు రాతిగోడ కింద చచ్చిపోయింది. పాతకాలపు పద్ధతులు నాశనమయ్యాయని బాసిల్ ఎన్నేళ్ళుగానో అంటున్నాడు. ఆ పద్ధతుల్లో మిగిలిన ఒక్కదాన్నీ తన చేతులతోనే విప్పి కట్టాడు.

ఫిర్మేన్ టోపీలోంచి రొట్టె ముక్క తీసి బల్ల మీద మర్యాదగా పెట్టాడు.

"నేనేమీ వినలేదు," అన్నాడు.

"ఏమన్నావు?"

"టీచరమ్మా, కాస్త ఆలోచించండి. రాణి దొంగ రాణి అని బయటికి పొక్కితే ఇంకేం మిగులుతుంది మనకి? మొత్తం వేషమే అంటారు. వకీలు అదే పట్టుకుంటాడు. బస్సులు ఆగిపోతాయి. బాబాయ్ మొహం ఊరి మొహం. రెమీ కుర్రాడు. కుర్రాడు ఏమరుపాటున ఉన్నాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు."

"కౌలు మర్చిపోతారా?"

"కంపెనీవాళ్ళు కూడా మనుషులే కదా. వాళ్ళకీ ఆవులు తోలేవాడు కావాలి. రెమీకి జీతం ఇస్తారు. తలకి టోపీ, ఒంటికి నల్ల కోటు, మెడలో ఎర్ర రుమాలు..."

"రుమాలు కూడానా," అన్నాడు రెమీ. "మా అమ్మ బతికుంటే ఇస్త్రీ చేసిపెట్టేది."

నేను బాసిల్ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. అతనికంటే ఆరేళ్ళు పెద్దదాన్ని. అమ్మ పోయాక అతనికి జోళ్ళ తాళ్ళు కట్టింది నేనే.

"బాసిల్, గురువారం ఒక్క మాట చెప్పు. 'గంట నేను మార్చాను' అని. ఇంకేం వద్దు. నిన్ను ఎవరూ కొట్టరు. రెండు వారాలు బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడతావు. బీడు వాడికి దక్కుతుంది. వాడి తరవాత ఎవరికో దక్కుతుంది. ఒక్క మాట."

బాసిల్ గంట వైపు చూశాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. అతని దవడ కింద కండ వదులవడం చూశాను. చిన్నప్పుడు ఏడుపుకు ముందు అలాగే అయ్యేది.

"ఫిర్మేన్," అన్నాడు. "బీడు నీకిష్టమొచ్చినవాడికి ఇచ్చుకో. వీడికి మాత్రం వద్దు."

"బాసిల్!"

"నువ్వుండక్కా. వీడు నా ఆవు ఓడిపోవడం కళ్ళారా చూశాడు. శనివారం శనివారం చీజు దింపడానికి వచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చుని నా సూప్ తాగాడు. మూరీన్ ఎలా ఉందిరా అని నేనడిగితే, బాగుంది నాన్నా అన్నాడు. వేసవంతా నా మొహం చూస్తూ ఆ మాటే అన్నాడు. నన్ను ఊరందరితో పాటు రోడ్డు మీద నిలబెట్టి, అందరి ముందూ తెలుసుకోమన్నాడు. కన్నతండ్రికి ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పకూడదని నేర్పింది నువ్వే నాన్నా," అన్నాడు రెమీ.

గొంతు పెంచలేదు.

"పదేళ్ళప్పుడు కొండ మీద నేర్పావు. ఆ ఏడు మన ఆవు ఓడిపోయింది. అమ్మకి చెప్తానని నేనేడిస్తే చెంప మీద కొట్టావు. కాపరి నోరు మందది, ఇంటిది కాదన్నావు. ఆ మాట నేను ఊళ్ళో ఎంతమందికి చెప్పుకుని గర్వపడ్డానో నీకు తెలీదు."

రెమీ రొట్టె పొడి బల్ల మీదనుంచి అరచేతిలోకి ఊడ్చి, పొయ్యిలో వేసి, కోటు అందుకున్నాడు.

"ఫిర్మేన్ అన్నా, గురువారం నేనూ వస్తాను. కౌలు అడగడానికి."

"ఎవరి పేరు మీద? బాబాయ్ వద్దంటున్నాడుగా."

"మందలో ఆవు ఉన్న ఏ ఇల్లయినా అడగొచ్చు. ఒదీల్ పిన్ని అడుగుతోంది. నిన్న వాళ్ళ కాపరిగా రమ్మని పిలిచింది. ఆలోచిస్తానన్నాను." కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "ఆలోచించాను."

"ఆ ఇంటి ఆవు నా మూరీన్‌ని చంపింది!"

రెమీ తలుపు దగ్గర ఆగాడు. "మూరీన్‌ని ఎవరు చంపారని సభలో నన్నడుగుతారు నాన్నా. అడిగితే చెప్తాను. అడక్కపోతే నీ సంగతి నేనెత్తను. నా వల్ల అయ్యేది అంతే."

తలుపు మూసుకుంది. బయట, రోడ్డుదాకా పోయే పొడవాటి రాతి మెట్ల దారి మీద అతని బూట్ల చప్పుడు నెమ్మదిగా దిగుతోంది.

బాసిల్ కూర్చున్నాడు. చల్లారిన సంకటిలోంచి ఒక ముద్ద తీసి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగాడు. వాడి మాట సభ నమ్మకుండా ఉండాలంటే ఏం చేయాలో అతను ఆ నమలడంలోనే ఆలోచించుకున్నాడని తరవాత నాకు అర్థమైంది.

"రాసుకో ఫిర్మేన్," అన్నాడు. "ఆ పొద్దున వాడు తాగి ఉన్నాడు. కింది బీట్లో నేను కళ్ళారా చూశాను. అందుకే ఆవుని పట్టుకోలేకపోయాడు. ఇప్పుడు నా మీద పడి నోటికొచ్చింది చెప్తాడు. తండ్రినై చెప్తున్నాను, రాసుకో. ఇక్కడే సంతకం పెడతాను."

"బాబాయ్..."

"రాసుకోమన్నానా?"

ఫిర్మేన్ నన్ను చూశాడు, బాసిల్‌ని చూశాడు, కిటికీ బయట బస్సు ఆగే చోటును చూశాడు. కోటు లోపలి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద చదును చేశాడు. తరవాత మిగతా జేబులన్నీ తడుముకున్నాడు.

"టీచరమ్మా," అన్నాడు, తల దించుకునే, నా వైపు చెయ్యి చాచి. "కలం ఉందా?"

ఉంది. బూట్ల చప్పుడు ఇంకా చివరి మెట్టు దాటలేదు; గట్టిగా పిలిస్తే రెమీకి వినబడే దూరమే.